అయిదో కారణం

తొప్పూరు కనుమలో లారీ పడ్డ ప్రతిసారీ మా పాలకోడు టీకొట్ల దగ్గర రెండు మాటలు జంటగా వినిపిస్తాయి. "బ్రేకు పట్టలేదంట" అనేది మొదటిది. "ఏం చేస్తాం, తలరాత" అనేది రెండోది. మొదటి మాట అన్న మనిషే రెండోదీ అంటాడు, టీ గుక్కకూ గుక్కకూ మధ్యన. ధర్మపురి నుంచి సేలం పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆ దిగుడు ఎందరిని పొట్టన పెట్టుకుందో ఈ జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2020 డిసెంబరులో ఒకసారి, 2024 జనవరిలో ఇంకోసారి, అదుపు తప్పిన లారీ ముందున్న బళ్ల మీదికి దూసుకుపోయింది. మనుషులు పోయారు. బ్రేకు ఎందుకు పట్టలేదు అన్న ప్రశ్న ఆ రెండు మాటల నడుమ రావాలి. అది రాకుండానే టీ గ్లాసు కింద పెట్టి అందరూ లేచిపోతారు. నా బాధంతా అక్కడే.

నా పని బ్రేకులు. పాలకోడులో హోసూరు రోడ్డు పక్కన షెడ్డు. టమాటా మార్కెట్టుకు వచ్చే చిన్న లారీలు, చక్కెర మిల్లుకు చెరకు తోలే ట్రాక్టర్లు, ఊళ్లో తిరిగే పాత మారుతి కార్లు నా దగ్గరికి వస్తాయి. లైనర్లు కొట్టడం, డ్రమ్ములు లేతుకు పెట్టడం, మాస్టర్ సిలిండర్‌కు కిట్టు వేయడం, ఎయిర్ తీయడం, ఇదే నా దినచర్య. ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం, హోసూరు దాటి వచ్చే డ్రైవర్లతో కన్నడం. చదివింది తమిళ బడిలో. తెలుగు అక్షరాలు మాత్రం నాయన ఇంట్లో గీత పుస్తకం ముందు పెట్టి నేర్పాడు. అందుకని నాకు తెలుగు చదవడం వచ్చిందీ, గీత పరిచయమైందీ ఒకేసారి.

ఆ గీతలో 18వ అధ్యాయం 14వ శ్లోకం నా పనికి సంబంధించినదని నేను నమ్ముతాను. ఏ పని జరగాలన్నా అయిదు కారణాలు కూడాలని కృష్ణుడు అక్కడ చెబుతాడు. అధిష్ఠానం, అంటే పనికి ఆధారమైన చోటు. కర్త. కరణాలు, అంటే పనిముట్లు. చేష్టలు, అంటే చేసిన రకరకాల ప్రయత్నాలు. అయిదోది దైవం. అధిష్ఠానమంటే శరీరమని శంకరులు చెప్పారు, దైవమంటే ఇంద్రియాలకు అధిదేవతలైన సూర్యుడు మొదలైనవాళ్లని చెప్పారు. లోపలుండి నడిపించే పరమాత్మే ఆ దైవమని రామానుజులు చెప్పారు. ఏ ఆచార్యుల మాట పట్టుకున్నా లెక్క మాత్రం మారదు. దైవం ఉంది, అయిదో చోట ఉంది. చివర ఉంది గనక చిన్నదని నేను అనడం లేదు. ముందున్న నాలుగింటినీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వస్తేగానీ అయిదోదాని దగ్గరికి చేరలేమని నాకు అర్థమైంది. దేవుడే వరస పెట్టి చెప్పినప్పుడు, ఆ వరసను తిప్పి దైవాన్ని మొదటికి తెచ్చి, మిగతా నాలుగింటి మీదా గుడ్డ కప్పేసే హక్కు మనకెక్కడిది?

తొప్పూరు కనుమను ఆ వరసలో చూద్దాం. 40 టన్నుల బండి నిలువు లెక్కన 100 మీటర్లు కిందికి దిగితే పుట్టే శక్తి సుమారు 4 కోట్ల జౌళ్లు. 130 లీటర్ల చన్నీళ్లను మరిగించేంత వేడి అది. గేరులో దిగితే అందులో పెద్ద వాటా ఇంజనే భరిస్తుంది. డీజిలు మిగుల్తుందని న్యూట్రల్ చేసి వదిలితే ఇంజను వాటా మొత్తం డ్రమ్ముల మీద పడుతుంది. డ్రమ్ము కాగి వ్యాకోచిస్తుంది, లైనరు దాన్ని అందుకోవడానికి ఇంకా దూరం పోవాలి. లైనరు ముఖం కాలి నున్నగా అద్దంలా అయిపోతుంది. అప్పుడు పెడల్ మీద నిలబడి తొక్కినా బండి ఆగదు. అప్పటిదాకా బ్రేకులో ఏ లోపమూ లేకపోయి ఉండవచ్చు. లోపం చేష్టలో ఉంది, న్యూట్రల్ చేసిన చేతిలో ఉంది. లీటరు డీజిలు మిగిలిస్తే బేటా, అంటే రోజు బత్తెం, పెంచుతానన్న యజమానిలో ఉంది, ఎందుకంటే అతను కూడా కర్తే. నిటారుగా దిగి మలుపు తిరిగే ఆ రోడ్డులో కూడా ఉంది, అది అధిష్ఠానం. ఇన్ని ఉండగా తలరాత దాకా ఎందుకు పోవాలి?

ఇంత ఆలోచన నాలో కదిలించింది ఒక చిన్న బండి.

మా చెల్లెలి కొడుకు కోయంబత్తూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడూ వాడి జట్టు పిల్లలూ కాలేజీ వర్క్‌షాపులో సొంతంగా ఒక రేసు కారు కట్టారు. ఒక్క మనిషి పట్టే బండి. ఇనుప గొట్టాలు అతికించిన చట్రం, మోటారు సైకిల్ ఇంజను, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు. ఇట్లాంటి బళ్లతో దేశంలోని ఇంజనీరింగు పిల్లలు ఏటా పోటీలు పడతారు. ఫార్ములా భారత్ అని కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలోని కరి మోటార్ స్పీడ్‌వేలో జరుగుతుంది. 2003లో మొదలైన ఆ ట్రాకుకు పేరు ఎస్. కరివర్ధన్‌ది. ఆయన గురించి తెలుగు పాఠకులు తెలుసుకోవాలి. కోయంబత్తూరులో తరతరాలుగా స్థిరపడి, ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే నాయుళ్ల కుటుంబాలు ఉన్నాయి. లక్ష్మీ మిల్స్ స్థాపించిన కుప్పుస్వామి నాయుడుగారి కుటుంబం అందులో ఒకటి, కరివర్ధన్ ఆ ఇంటివాడు. విదేశీ రేసు కార్లు కొనగలిగిన కొద్దిమంది పెద్దింటి బిడ్డల ఆటగా ఉన్న రేసింగును, తన షెడ్డులో తన చేత్తో బళ్లు కట్టి కిందికి దించాడు. మారుతి 800 ఇంజనుతో ఒక్క సీటు రేసు కారు తయారుచేసి, తక్కువ ఖర్చుతో పిల్లలు రేసు నేర్చుకునే దారి వేశాడు. ఫార్ములా మారుతి అని పిలిచేవాళ్లు. 2005లో ఫార్ములా వన్‌లో పోటీపడ్డ మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ మొదట ఎక్కిన రేసు కార్లలో అదొకటి. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో చిన్న వయసులోనే పోయాడు. ఆయన పేరు చెప్పుకునే ట్రాకు మీదికి, చేత్తో కట్టిన బండి ఇంకా వస్తూనే ఉంది. అది నాకు చాలా సంతోషం కలిగించే సంగతి.

పోటీకి ముందు మా వాడు బండిని చిన్న ఏస్ ఆటోలో ఎక్కించుకుని నా షెడ్డుకు తెచ్చాడు. బండీ డ్రైవరూ కలిసి 320 కిలోలు. చిన్నదే కదా అనిపిస్తుంది. 100 కిలోమీటర్ల వేగంలో దాన్ని నిలబెట్టాలంటే పుట్టే వేడి, ఒక లీటరు నీళ్లను 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తెచ్చేంత. అదంతా మూడు సెకన్లలో, అరచేతి వెడల్పు ఉన్న నాలుగు ఇనుప పళ్లేల మీద. అదే 50 కిలోమీటర్ల వేగమైతే అందులో నాలుగో వంతే. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుందన్న లెక్క వాళ్లకు పుస్తకంలో తెలుసు. అయితే ఒక ల్యాపులో అట్లా ఆరేడు సార్లు బ్రేకు వేయాలి, ఒకసారికీ ఇంకోసారికీ మధ్య చల్లారే సమయం ఉండదు.

"పెడల్ గట్టిగానే ఉంది మామా, మూడుసార్లు ఎయిర్ తీసినాం" అన్నాడు మా వాడు.

"ఒకసారి తొక్కి అట్లే పట్టుకో. పంపు కొట్టొద్దు. ఒకే బలంతో పట్టుకుని ఉండు" అన్నాను.

తొక్కి పట్టుకున్నాడు. మొదట ఏమీ తెలియలేదు. కాసేపటికి వాడి ముఖం మారింది. "నిదానంగా కిందికి పోతా ఉంది మామా."

మెత్తగా ఉండే పెడల్ వేరు, జారే పెడల్ వేరు. మెత్తగా ఉంటే గొట్టాల్లో గాలి ఉన్నట్టు. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, ఆయిల్ కుదించుకుపోదు, అందుకే కాలి కింద స్పాంజిలా అనిపిస్తుంది. ఒకే బలంతో పట్టుకున్నా పెడల్ జారుతోందంటే ఆయిల్ ఎక్కడో దారి చూసుకుంటోంది. మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు దాటి వెనక్కి పోతూ ఉండాలి, లేకపోతే బయటికి కారుతూ ఉండాలి. కాలిపర్ దగ్గర హోసు బిగించే బాంజో బోల్టు చుట్టూ టార్చి వేసి వేలు తిప్పి చూశాను. వేలికి తడి తగిలింది. విప్పి చూస్తే రాగి వాషర్లు పాతవి, ఒకసారి నలిగినవి. బోల్టు మరల చుట్టూ తెల్ల టెఫ్లాన్ టేపు. కుళాయికి చుట్టినట్టు చుట్టారు. కుళాయిలో నీళ్లను మరలే ఆపాలి కాబట్టి అక్కడ టేపు పనికొస్తుంది. బ్రేకు గొట్టంలో ఆయిల్‌ను మరలు ఆపవు, రాగి వాషరు నలిగి రెండు ముఖాల మధ్య అతుక్కుని ఆపుతుంది. ఒకసారి నలిగిన రాగి గట్టిబడిపోతుంది, మళ్లీ అంత బాగా అతకదు. టేపు పోగు తెగి లోపలికి పోతే కాలిపర్ దారి మూసుకోవచ్చు కూడా. వాషరు చిల్లర డబ్బుల వస్తువు. పక్క అంగట్లో దొరుకుతుంది.

కొత్త వాషర్లు వేశాం. ఆయిల్ సంగతి అడిగాను. పోయినేడు పోటీకి తెరిచిన డబ్బాలో మిగిలింది పోశామన్నారు. బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్-3 ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, నూటికి 3.7 వంతుల నీళ్లు చేరితే 140కే మరగవచ్చు. డాట్-4కు ఆ లెక్కలు 230, 155. రేసులో కాలిపర్ దగ్గర ఆ వేడి రావడం వింతేమీ కాదు. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగ, ఆవిరి బుడగ అంటే గాలే, గాలి అంటే కాలి కింద ఏమీ లేకపోవడమే. పోటీ పెట్టిన చోట అది మూడో ల్యాపులోనో నాలుగో ల్యాపులోనో జరుగుతుంది. షెడ్డులో ఎన్నిసార్లు తొక్కి చూసినా తెలియదు, ఎందుకంటే షెడ్డులో వేడి లేదు. అందుకే సీలు తీసిన డబ్బా మీద తేదీ రాయమంటాను, తేదీ లేని డబ్బాను పారబోయమంటాను.

ఆ సాయంత్రం మా వాడు అన్న మాటే ఈ వ్యాసానికి మూలం. "ఇది ట్రాకు మీద జరిగి ఉంటే మేం ఖచ్చితంగా లక్కు లేదు అనుకునేవాళ్లం మామా. వాషరు అని ఎవరికీ తట్టేది కాదు."

తట్టేది కాదు. అది నిజం. ప్రమాదం జరిగాక కారణం వెతకడం చాలా కష్టం. నలిగిపోయిన బండిలో వాషరు ఏ స్థితిలో ఉండిందో ఎవరు చెప్పగలరు? కారణం కనబడకపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు, దైవం వచ్చి కూర్చుంటుంది. మన అజ్ఞానానికి దేవుడి పేరు పెడుతున్నాం. భక్తి ఉన్నవాడు ఆ పని చేయకూడదు అంటాను నేను. దేవుడి పేరు మీద మనం చేయని పనులన్నీ రాసిపెడుతున్నామంటే అది పూజ ఎట్లా అవుతుంది?

పెద్ద రేసుల్లో ఈ వెతుకులాట పట్టుదలగా జరిగిన సందర్భాలు ఉన్నాయి. 1970 సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజా ట్రాకు మీద యోఖెన్ రింట్ పోయాడు. లోటస్ 72 అనే బండి. బరువు తగ్గించడానికి ముందు బ్రేకు డిస్కులను చక్రాల దగ్గర కాక బండి లోపలికి తెచ్చి, షాఫ్టుల ద్వారా చక్రాలకు కలిపారు. పారబోలికా అనే మలుపు ముందు బ్రేకు వేసినప్పుడు కుడివైపు షాఫ్టు తెగింది, బండి ఎడమకు లాగేసి రక్షణ కంచెలో దూరింది. ఇటలీ న్యాయ విచారణ రెండు సంగతులు తేల్చింది. ప్రమాదానికి నాంది బ్రేకు షాఫ్టు. ప్రాణం పోవడానికి కారణం సరిగ్గా బిగించని కంచె. మంటలొస్తే త్వరగా బయటపడాలని రింట్ తొడల మధ్య పట్టీ పెట్టుకునేవాడు కాదు, ఆ దెబ్బకు కిందికి జారిపోయాడు. కరణం, అధిష్ఠానం, కర్త, చేష్ట, నాలుగూ అక్కడ కనిపిస్తాయి. ఆ ఏడాది ప్రపంచ విజేత రింటే అయ్యాడు, చనిపోయాక. ఫార్ములా వన్‌లో అట్లా అయినవాడు మరొకడు లేడు. దాన్ని విధి అని పాటలు కట్టవచ్చు. విచారణ చేసినవాళ్లు విధి అని రాసి ఉంటే ఆ తర్వాత ఏ కంచెనూ ఎవరూ గట్టిగా బిగించేవాళ్లు కాదు.

దీనికంటే కష్టమైన సందర్భం 1955 జూన్ 11, ఫ్రాన్సులోని లె మాన్. అక్కడ బ్రేకు పాడవలేదు. జాగ్వార్ బండికి మంచి డిస్కు బ్రేకులు. డ్రైవరు ట్రాకు పక్కన బళ్లు ఆగే పిట్‌లోకి పోవడానికి బ్రేకు వేశాడు, బండి చక్కగా నెమ్మదించింది. వెనక వస్తున్న బండి తప్పుకోబోయి పక్కకు తిరిగింది, దాని వెనక మెర్సిడెస్ దాన్ని ఎక్కి ఎగిరి జనంలో పడింది. 80 మందికి పైగా పోయారు. ఇక్కడైనా దైవం అనవచ్చు కదా? డ్రైవర్లలో ఎవరినీ దోషి అనలేదు విచారణ. అయితే బళ్లు ఇంత వేగంగా పోని కాలంలో వేసిన ట్రాకు అది, పిట్ల ముందు రోడ్డు ఇరుకు, జనానికీ బళ్లకూ మధ్య దూరం చాలదు అన్న సంగతి అందరికీ కనిపించింది. ఆ తర్వాత ఆ చోటును కూల్చి కొత్తగా కట్టారు. మొదట దైవంలా కనిపించింది చివరికి అధిష్ఠానంలో దొరికింది. వెతికినకొద్దీ అయిదో కారణం కొంచెం వెనక్కి జరుగుతూ పోతుంది. పూర్తిగా మాయమవుతుందని నేను అనను.

మన కథల్లో కూడా ఇట్లాంటి సంగతి ఒకటుంది, మెకానిక్కు తప్ప ఇంకెవరూ ఆ కోణంలో చూడరేమో. దేవాసుర యుద్ధంలో దశరథుడి రథం ఇరుసు శీల విరిగిపోతే, పక్కనున్న కైక ఆ రంధ్రంలో తన చెయ్యి పెట్టి చక్రాన్ని నిలబెట్టిందని అధ్యాత్మ రామాయణంలో ఉంది. వాల్మీకి అట్లా చెప్పలేదు, మూర్ఛపోయిన భర్తను కైక యుద్ధభూమి నుంచి తప్పించిందని మాత్రమే చెప్పాడు. మా ఊళ్లలో హరికథ చెప్పేవాళ్లంతా శీల కథే చెబుతారు. ఆ ఉపకారానికి దశరథుడు రెండు వరాలిచ్చాడు. ఆ రెండు వరాలే రాముణ్ణి అడవికి పంపాయి. అంటే ఒక శీల! యుద్ధానికి బయల్దేరే ముందు ఇరుసు శీల చూడాల్సినవాడు ఎవడో ఉండాలి. ఏ పురాణమూ అతని పేరు చెప్పదు. అవతారకార్యం కోసమే శీల విరిగిందని పెద్దలు అంటారు, నాకూ ఆ నమ్మకం ఉంది. అయినా నేను స్ప్లిట్ పిన్ వేసేటప్పుడు రెండు కొసలూ విడదీసి వంచి, లాగి చూసి, అప్పుడే లేస్తాను. అవతారకార్యాలు రాముడికి. నా షెడ్డునుంచి పోయే టమాటా బండి డ్రైవరు ఇంటికి చేరాలి.

ఇంతవరకూ రాసింది చదివి, ఇదంతా మనిషే చేస్తాడన్న అహంకారం అనుకునేవాళ్లు ఉంటారు. గీతలోనే రెండు శ్లోకాల తర్వాత, 16వ శ్లోకంలో, తానొక్కడే కర్త అనుకునేవాడికి చూపు లేదని గట్టిగా చెప్పి ఉంది. దానికి నేను తల వంచుతాను. నా పనిలో ఆ శ్లోకానికి చాలా పదునైన అర్థం ఉంది. నేను బాగా చేశాను, నా చెయ్యి తప్పదు అనుకునే మెకానిక్కే అందరికంటే ప్రమాదం. అందుకే బోల్టు బిగించినవాడు కాక ఇంకొకడు చూడాలంటాను. మా వాడి జట్టులో కూడా ఎయిర్ తీసినవాడు పెడల్ పరీక్ష చేయకూడదని పెట్టించాను. స్టీరింగును రెండు పక్కలా చివరిదాకా తిప్పి, చక్రం పైకీ కిందికీ ఆడించి, హోసు ఎక్కడైనా రాసుకుంటుందా అని వేరే పిల్ల చూస్తుంది. ప్యాడ్ల మందం ఇంకొకడు కొలుస్తాడు. పుష్‌రాడ్‌కు కొంచెం వదులు ఉందా అని కూడా. ఆ వదులు లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపల ఆయిల్ వెనక్కి వచ్చే దారి మూసుకుపోయి, కాలు తీసినా బ్రేకు పట్టే ఉంటుంది, ఊరికే కాగిపోతుంది. కర్త ఒక్కడే కాదని ఒప్పుకోవడం అంటే నాకు ఇదే.

మరి అయిదో కారణానికి మనం ఏం చేయాలి? దైవానికి చోటు ఇవ్వడం అన్నది పనిలో ఎట్లా కనబడుతుంది?

ఈ పిల్లల పోటీ నియమాలు చదివినప్పుడు నాకు జవాబు దొరికింది. బండికి బ్రేకు ఆయిల్ దారులు రెండు ఉండాలి, దేనికదిగా, దేని ఆయిల్ డబ్బా దానికి. ఒకటి పగిలినా ఇంకొకటి కనీసం రెండు చక్రాలను పట్టాలి. పెడల్ 2000 న్యూటన్ల బలం తట్టుకోవాలి, అంటే సుమారు 200 కిలోల బరువు దాని మీద పెట్టినట్టు. ఏ మనిషీ మామూలుగా అంత తొక్కడు, భయంలో ఎంత తొక్కుతాడో ఎవరికి తెలుసు? వీటన్నిటికంటే నన్ను కదిలించింది పెడల్ వెనక పెట్టే ఒక చిన్న స్విచ్చి. బ్రేకు పనిచేస్తున్నంతకాలం పెడల్ దాన్ని ముట్టదు. ఆయిల్ పోయి పెడల్ మామూలు హద్దు దాటి ముందుకు పడిపోతే స్విచ్చికి తగులుతుంది, ఇంజను ఆగిపోతుంది. డ్రైవరు తన సీట్లోంచి దాన్ని మళ్లీ వెయ్యలేడు. ఎంత బాగా చేసినా ఇది పోవచ్చు అని ముందే ఒప్పుకున్న వస్తువు అది. బండి కట్టినవాడు తన పనిని తానే పూర్తిగా నమ్మకుండా, తనకు తెలియనిదానికి ఒక చోటు విడిచిపెట్టాడు. 1872లో జార్జి వెస్టింగ్‌హౌస్ రైళ్లకు తెచ్చిన గాలి బ్రేకులో కూడా ఇదే బుద్ధి ఉంది. అందులో గొట్టంలోని గాలి బ్రేకును వదిలించి ఉంచుతుంది. గొట్టం తెగితే, పెట్టెలు విడిపోతే, బ్రేకు తనంతట తానే పడుతుంది. చెడిపోవడమే ఆగిపోవడంగా మలచిన ఆలోచన అది. ఈనాటి లారీల నిలుపుడు బ్రేకు కూడా గాలి పోతే స్ప్రింగుతో పట్టుకుంటుంది.

నాకు తెలిసి దైవాన్ని గౌరవించడం ఇదే. నాలుగు కారణాలనూ చేతనైనంత చక్కబెట్టి, ఆ తర్వాత కూడా మిగిలే అయిదోదాని కోసం రెండో దారి, మూడో రక్ష ఏర్పాటు చేసి పెట్టడం. దణ్ణం పెట్టి న్యూట్రల్ చేసే డ్రైవరు దైవాన్ని నమ్మడం లేదు, దైవం మీద తన బరువు రుద్దుతున్నాడు.

ఆయుధపూజ నాడు ఈ తేడా నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆ పండగంటే నాకు ప్రాణం. ముందురోజు షెడ్డంతా కడిగి, స్పానర్లు తుడిచి, లేతుకు చందనం, కుంకుమ పెట్టి, పొరి (బొరుగులు), బెల్లం, అరటిపండు పంచుతాం. బళ్లకు పూలదండలు, చక్రాల కింద నిమ్మకాయలు. అక్కడిదాకా అంతా బాగుంది. ఆ తర్వాత దిష్టి తీసిన బూడిద గుమ్మడికాయలను నడిరోడ్డు మీద పగలగొడతారు. గుజ్జు రోడ్డంతా పరుచుకుంటుంది, రాత్రి ఆ తడి మీద బ్రేకు వేసిన మోటారు సైకిలు జారిపోతుంది. రోడ్డు మీద పగలగొట్టవద్దని తమిళనాట పోలీసులు ఏటేటా చెబుతూనే ఉంటారు. మనకు కీడు రాకూడదని చేసిన పూజ ఇంకొకడికి కీడు చేస్తోంది. మా షెడ్డు గుమ్మడికాయను నేను వెనక చింతచెట్టు కింద మట్టిలో పగలగొడతాను. దిష్టి అక్కడ తీసినా పోతుంది. పూజ రోజున ఒక నియమం కూడా పెట్టుకున్నాను. చందనం పెట్టే ప్రతి బండికీ ముందు చక్రం విప్పి లైనరు చూడాలి. కొందరు విసుక్కుంటారు, మంచి రోజున చక్రం విప్పడమేమిటని. ఆయుధాన్ని చూడకుండా ఆయుధపూజ ఏమిటి అని అడుగుతాను.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. తలరాత అన్న మాటను నేను అందరి నోటా కాదనను. కనుమలో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ మాట అంటే నేను మాట్లాడను. ఆమె దగ్గర కూర్చుంటాను, అంతే. ఆ మాట లేకపోతే ఆమె రాత్రి ఎట్లా గడుస్తుంది? ఎవరి చెయ్యి తప్పిందో, ఏ బోల్టు వదులైందో ఆ రోజు ఆమెకు చెప్పడం క్రూరత్వం. మన పెద్దలు విధి అన్న మాటను దుఃఖానికి మందుగా ఇచ్చారు, నేను దాన్ని తీసుకోవడానికి లేను. అదే మాట బండి యజమాని నోట, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కోసం పైపైన రంగు వేయించి పంపే వాడి నోట, లేదా నాలాంటి మెకానిక్కు నోట వస్తే ఊరుకోను. జరగక ముందు ఆ మాట అనడానికి ఎవరికీ హక్కు లేదు. జరిగాక అనే హక్కు, మనిషిని పోగొట్టుకున్నవాళ్లదే.

మా వాడి బండి బ్రేకు పరీక్ష గురించి కూడా చెప్పాలి. ఆ పోటీలో బండిని వేగంగా తోలి బ్రేకు వేస్తే నాలుగు చక్రాలూ పట్టుకుని జారాలి, బండి తిన్నగా నిలవాలి. మొదటి ప్రయత్నంలో వెనక చక్రాలు ముందు పట్టాయి, బండి తోక తిప్పింది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది, వెనక చక్రాలు తేలికపడతాయి, అందుకని ముందు బ్రేకుకు ఎక్కువ బలం పోవాలి. పెడల్ దగ్గరున్న బ్యాలెన్సు బార్‌ను కొంచెం తిప్పి బలం ముందుకు పంచారు. రెండోసారి నిలిచింది. ఫోనులో నాకు వినిపించిన కేరింతలకు షెడ్డులో కుర్రాళ్లు కూడా నవ్వారు.

ఇప్పుడు కొత్త బండి గీస్తున్నారు. వెనక రెండు డిస్కులు తీసేసి, డిఫరెన్షియల్ మీద ఒకే డిస్కు లోపలికి పెడదామంటున్నాడు మా వాడు, బరువు తగ్గుతుందని. పోటీ నియమాలు దానికి ఒప్పుకుంటాయి. అప్పుడు వెనక బ్రేకు బలమంతా షాఫ్టుల గుండానే చక్రాలకు చేరాలి, మోంజాలో తెగింది అట్లాంటి షాఫ్టే. అందుకని ముందు షాఫ్టు లెక్క చూపించమన్నాను. ఎంత లావు, ఏ రకం ఉక్కు, ఎక్కడ హీట్ ట్రీట్‌మెంట్ చేయించారో ఆ చీటీ. అవి తీసుకుని వచ్చే ఆదివారం పాలకోడు వస్తానన్నాడు.